పెరటి కూరలకు విషం వద్దు

మీ వాళ్ళను ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు "ఆకుకూరలు, కూరగాయలు బాగా పెట్టండి" అని చెబుతారు. ఆ కూరలు పెరట్లోనో, మేడమీద కుండీల్లోనో మనమే పండించుకుంటే ఖర్చు తగ్గుతుంది, తాజాగా దొరుకుతాయి. అయితే పురుగు కనబడగానే, పొలానికి తెచ్చిన మందులో కాస్త మిగిల్చి పెరట్లో కొట్టేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

తోటకూర నెల తిరక్కుండానే కోతకు వస్తుంది. బెండకాయలు రోజు విడిచి రోజు కోస్తాం. కొట్టిన మందు విరిగిపోయేంత వ్యవధి ఉండదు. పైగా మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడతారు. పిల్లలు చూస్తే తాగేస్తారు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. మందు డబ్బాను ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు వాడకూడదు.

మరి పురుగులకు ఏం చేయాలి?

1. రోజూ ఉదయం ఆకుల అడుగుభాగం చూడండి. గుడ్లు, గొంగళిపురుగులు ఉంటే ఏరి సబ్బునీళ్ళలో వేయండి. పేనుబంక ఉంటే నీటిని గట్టిగా చిమ్మితే రాలిపోతుంది.

2. వేపగింజల కషాయం: ఎండిన వేపపప్పును దంచి, 50 గ్రాముల పొడిని గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. మర్నాడు మూట పిండి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లండి. ఎండ తగిలితే దాని గుణం పోతుంది. పురుగు వెంటనే చావదు. తిండి మానేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. వారం పది రోజులకు మళ్ళీ చల్లండి.

3. తెల్లదోమకు పసుపు రంగు డబ్బామూతకు ఆముదం పూసి మొక్కల మధ్య వేలాడదీయండి. దోమ వచ్చి అంటుకుంటుంది.

ఎరువు వంటింట్లోనే ఉంది. అడుగున చిల్లులున్న పాత బకెట్టులో కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు రెండు వంతులు వేసి, పైన కొద్దిగా మట్టి, పేడనీళ్ళు చల్లండి. తడి ఆరిపోకుండా చూస్తూ వారానికోసారి కలపండి. రెండు మూడు నెలల్లో నల్లగా, మట్టివాసనతో ఎరువు తయారవుతుంది. మాంసం, నూనె కూరలు వేయకండి, ఎలుకలు చేరతాయి.

ఒక నర్సుగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. సహజమైనదంటే ప్రమాదం లేనిదని కాదు. పొగాకు కషాయం చర్మం ద్వారా కూడా ఒంటికెక్కుతుంది, ఇంట్లో కాచకండి. వేపనూనె పసిపిల్లలకు తాగించకండి, అది ప్రాణం మీదకు తెస్తుంది. పచ్చి పేడ ఆకుకూరలకు తగలనీయకండి, బాగా మాగిన ఎరువే వాడండి. కూరలు వండేముందు రెండు మూడుసార్లు కడగండి. మట్టిపని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. చెప్పులు లేకుండా దిగకండి, గాయమైతే టి.టి. ఇంజక్షన్ గురించి అడగండి. కుండీల కింద పళ్ళేలలో నీరు నిలవనీయకండి, డెంగ్యూ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

ఎవరైనా పురుగుమందు మింగినా, ఒంటిమీద పోసుకున్నా వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు పట్టకండి. తడిసిన బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే 108కి ఫోను చేయండి. మందు డబ్బా తప్పక వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే మా వైద్యం త్వరగా మొదలవుతుంది.

ఇంటికి వెళ్ళగానే గూట్లో, అటకమీద, మంచం కింద పాత మందు సీసాలు ఉన్నాయేమో చూడండి. పిల్లలకు అందకుండా తాళం వేయండి. ఆ తర్వాత గుప్పెడు తోటకూర విత్తనాలు చల్లండి. నెల తిరిగేసరికి మీ రోగికి మీ చేతి కూర వండిపెట్టవచ్చు.