పొర పదికాలాలు నిలవాలంటే



మాకు మూత్రపిండాల వైద్యం నేర్పిన గురువుగారి స్మృతిలో జరుగుతున్న సభ ఇది. ఆయన ముందు రోగి ఊరు అడిగేవారు, తర్వాతే రిపోర్టులు చూసేవారు. అందుకే నేనూ ఊరితోనే మొదలుపెడతాను.

మెషీన్ మీద డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేవెళ్ల అవతలి పల్లెల్లో కూరగాయలు పండించే రైతు పట్నం వెళ్లాల్సివస్తే బీజాపూర్ రోడ్డు మీదే ఆ రోజంతా గడిచిపోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఖర్చు తగ్గించింది గానీ దూరాన్ని తగ్గించలేదు కదా! పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇలాంటివాళ్ల కోసమే అనిపిస్తుంది. హాంకాంగ్ 1985 నుంచి దీన్నే మొదటి చికిత్సగా పెట్టుకుంది. మన జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మెషీన్లతో మొదలైంది. పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో గానీ రాలేదు.

అయితే ఇది నడవాలంటే పొట్టలోని పెరిటోనియం పొర బాగుండాలి. ఆ పొరను మనం ఎక్కించే ద్రవమే నెమ్మదిగా కాలుస్తుంది.

ఒంట్లోంచి నీటిని లాగేది ఆ ద్రవం సంచిలోని గ్లూకోజు. 1.5, 2.5, 4.25 శాతాల సంచులున్నాయి. 4.25 శాతం సంచి రెండు లీటర్లదైతే అందులో 85 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. వేడితో క్రిములను చంపేటప్పుడు, పాకం ముదిరినట్టు, అందులో కొంత విరిగి మిథైల్ గ్లయాక్సాల్ వంటి పదార్థాలు పుడతాయి. పొర కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు వెలువడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ పొర దళసరి అవుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. సంచిలోని గ్లూకోజు త్వరగా రక్తంలోకి జారిపోయి, నీరు దిగడం తగ్గుతుంది. అప్పుడు మేం ఇంకా గాఢమైన సంచి రాస్తాం. పొర మరింత చెడుతుంది.

పైగా ఈ ఇన్‌ఫ్లమేషన్ పొట్టతో ఆగదు. రోజూ 5 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ సంచిలోకి పోతూనే ఉంటుంది. ఆకలి మందగిస్తుంది, ఆల్బుమిన్ పడిపోతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి. డయాలసిస్ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండెజబ్బే.

విటమిన్ మాత్రలతో ఈ ఇన్‌ఫ్లమేషన్ చల్లారుతుందా అని చాలామంది అడుగుతారు. విటమిన్ ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ వంటివి చిన్న అధ్యయనాల్లో రక్తపరీక్షల అంకెలు మార్చాయి. ఆయుష్షు పెంచినట్టు గట్టి రుజువు లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోమంటాను.

నేను ఎక్కువ నమ్మేది ఉప్పు తగ్గించడాన్ని. రాత్రి అన్నంలోకి తొక్కు ఎక్కువ కలుపుకుంటే దాహం వేస్తుంది, తాగిన నీరు ఒంట్లో నిలుస్తుంది, మర్నాడు గాఢమైన సంచి ఎక్కించాల్సి వస్తుంది. పళ్లెంలో తగ్గించిన ఉప్పు పొట్టలో పొరకు పడే చక్కెర దెబ్బను తగ్గిస్తుంది. దీన్ని రోగికి చెబితే సరిపోదు, వంట చేసే ఇల్లాలిని కూర్చోబెట్టి చెప్పాలి.

రెండోది, మిగిలిన మూత్రం. కెనడా, అమెరికా రోగుల మీద జరిగిన కనూసా అధ్యయనాన్ని 2001లో మళ్లీ విశ్లేషించారు. రోజుకు అదనంగా వచ్చే ప్రతి 250 మిల్లీలీటర్ల మూత్రానికీ మరణ ప్రమాదం 36 శాతం తక్కువగా కనిపించింది. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూది ఆ కాస్త మూత్రాన్నీ ఎండగొట్టగలదు. ఆర్‌ఎంపీలను తిట్టడంకన్నా పిలిచి నేర్పడం మేలు. తటస్థ పీహెచ్ ఉన్న రెండు గదుల సంచులు కూడా మూత్రాన్ని నిలపడంలో సాయపడతాయి. వాటి ధర మన రైతుకు అందేదిగా ఉండాలని అడగడం వైద్యులుగా మన పనే.

ఇవన్నీ కనిపెట్టి చూడటానికి దగ్గర్లోనే ఆసుపత్రులున్నాయి. మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఉంది. చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ, ఆల్బుమిన్, 24 గంటల మూత్రం కొలత, పొర పనితీరు చూసే నాలుగు గంటల పరీక్ష, ఇవేవీ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికే పరిమితమైన విద్యలు కావు.

ఒక్క కోరిక. బయటికి వచ్చిన నీరు మబ్బుగా ఉంటే అది పెరిటోనైటిస్ కావచ్చు. పొరను ఒక్కసారిగా చెడగొట్టేది అదే. రోగి ఆ సంచిని పారబోయకుండా వెంటనే తేవాలి. అర్ధరాత్రయినా, ఆదివారమైనా, ఏ పల్లె నుంచి తెచ్చినా, తీసుకుని తెల్లకణాలు లెక్కపెట్టి, కల్చర్‌కు పెట్టి, ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ఏర్పాటు ఇక్కడి ఆసుపత్రులు చేయాలి.