అటక మీది పనిముట్ల పెట్టె

(కుటుంబ ఆదివారపు కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

కుటుంబములో పెద్దలు పిల్లలకు ఏమి అప్పగించవలెనో నాలుగు మాటలు చెప్పుమని నన్ను అడిగినారు. ప్రార్థనను గూర్చియు చదువును గూర్చియు చెప్పగలవారు మనలో చాలమంది ఉన్నారు గనుక, నేను సుత్తి, రంపము, సూది, దారములను గూర్చి చెప్పెదను. నవ్వవద్దు.

మత్తయి సువార్త 13వ అధ్యాయములో స్వస్థలపువారు యేసును వడ్లవాని కుమారుడని అంటారు. మార్కు 6వ అధ్యాయములో ఆయననే వడ్లవాడని అంటారు. ఈ రెండు మాటల నడుమ ఎన్నో ఏండ్ల పని ఉన్నది. యోసేపు ఎట్లు నేర్పెనో సువార్తలలో లేదు. కాని పక్కన నిలువబెట్టుకొని పనిముట్టు చేతికిచ్చుట తప్ప ఆ విద్యకు వేరే బడి లేదని వడ్రంగి ఇంట పుట్టిన ఎవరైనను చెప్పగలరు.

మన ఇండ్లలో ఈ అప్పగింత తెగిపోయినది. సోమరితనము వలన కాదు. మన తాతముత్తాతలలో అనేకులు తోలుపని, నేతపని ఎరిగినవారు. ఆ చేతులకు కులము పేరున లోకము నీచమను ముద్ర వేసెను. అందువలన చదువుకొని ఉద్యోగము సంపాదించిన తండ్రి ఆరెను, రంపెను అటక మీదికి ఎక్కించెను. నా బిడ్డ దీనిని తాకకూడదనెను. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. పుట్టుకను బట్టి ఎవరినీ ఏ పనికిని కట్టివేయరాదు. అయితే అవమానము లోకము పెట్టిన పేరులో ఉండెను గాని ఆరెలో లేదు. ఆరెతోపాటు, తోలు ఎటు సాగునో ఎటు సాగదో తెలిసిన జ్ఞానము కూడ అటకకే పోయినది.

ఈనాటి పిల్లలు ఫోనులో వీడియో చూచి నేర్చుకొందుమంటారు. మంచిదే. కుళాయి వాషరు మార్చుటకు అది చాలును. కాని చిత్రిక పట్టునప్పుడు కొయ్య నారకు ఎదురుపోతే చేతికి తగులు అదురును, "పలక తిప్పరా" అను తాతయ్య మాటను వీడియో ఇయ్యలేదు. పలక అంచున మేకు కొట్టితే చీలును. ముందుగా మేకు మొనను సుత్తితో కొంచెము మొద్దు చేసినయెడల, అది నారను చీల్చక నలుపుకొని దిగును. చిన్న సంగతే, అయినను ఒక పలక చీలిన తరువాత గాని బుర్రకెక్కదు.

ఆ పలకను చీలనియ్యరు మన పెద్దలు. "నీకు రాదు, ఇటియ్యి" అని లాగుకొందురు. పని ఐదు నిమిషములలో ముగియును. మనుమడు టార్చిలైటు పట్టుకొని నిలుచుట మాత్రము నేర్చును. సైకిలు ట్యూబుకు పంక్చరు వేయునప్పుడు సొల్యూషను పూసి, తడి ఆరువరకు ఆగవలెను. ఆగక అతికించితే ఊడును. ఊడనియ్యుడి. రెండవసారి వాడే ఆగును.

కరెంటు విషయములో ఈ స్వేచ్ఛ లేదు. మెయిను ఆపి, టెస్టరుతో చూచి, ఆ పిమ్మటనే చేయి పెట్టవలెను. ఫ్యూజు పోయినచోట లావు తీగ చుట్టు అలవాటు కొందరు పెద్దలకు కలదు. దానిని మాత్రము అప్పగించవద్దు. కరెంటు మితిమీరినప్పుడు తాను కరిగి ఇంటిని కాపాడుటే సన్నతీగ పని. లావు తీగ కరగదు, గోడలోని వైరు కాలును. ఇప్పటి ఇండ్లలో ఎంసీబీ పడిపోయినప్పుడు పదేపదే పైకెత్తక, ఏ వస్తువు వలన పడినదో వెదకుట నేర్పుడి.

ఆడపిల్లకు స్క్రూడ్రైవరు, మగపిల్లవానికి సూది ఇయ్యని ఇండ్లు మనలో ఇంకను ఉన్నవి. హాస్టలు గదిలో గుండీ ఊడినప్పుడు పరుగెత్తి రావడానికి అమ్మ అక్కడ ఉండదు.

మన తాతయ్యల చేతులు వణకుచున్నవి. సానరాయిపై ఉలిని 25 నుండి 30 డిగ్రీల వాలున నిలుపుట వారి మణికట్టుకు తెలుసు. నోటితో చెప్పుమంటే చెప్పలేరు. మనుమరాలి చేతిమీద వారి చేయి వేసి రుద్దించవలెను. ఈ వేసవి సెలవులలో ఆ పెట్టెను దింపుడి. తుప్పును గరుకు కాగితముతో రుద్ది నూనె రాయుడి. సుత్తి పిడి వదులైయుంటే, ఏ కొయ్య ముక్కతో బిగించవలెనో తాతయ్యను అడుగుడి.