ఆదివారపు సవారికి సైకిలు



ఉపాధ్యాయవృత్తి చాలించిన పిదప, ఆదివారములందు పొరుగూళ్లకు పోయివచ్చుటకై యొక రోడ్డు సైకిలు కొంటిని. దాని మెరుపును, తేలికదనమును చూచితినే కాని నా కొలత చూచుకొనలేదు. చట్రము పెద్దది. హ్యాండిలు నందుకొనుటకు ఒడలెల్ల చాచవలసివచ్చెను. నెల తిరుగకమునుపే మెడయు నడుమును నొచ్చి, సైకిలు గోడకు చేరినది.

కావున మితమైన సొమ్ముతో కొనువారికి నా మనవి యిది: ముందు కొలత, తరువాత వెల. పై కమ్మీకి ఇరుప్రక్కల కాళ్లుంచి నిలిచినపుడు పాదములు నేల నానవలెను. కమ్మీకిని దేహమునకును 2, 3 సెంటీమీటర్ల యెడముండవలెను. హ్యాండిలు పట్టినపుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. సీటును ఎత్తవచ్చును, దింపవచ్చును. చట్రమును కోసి కుదింపలేము గదా!

ఇక టైర్లు. 23 మిల్లీమీటర్ల సన్నని టైరు నున్నని దారికే తగును. గుంతలుగల మన దారులకు 28 మొదలు 32 వరకు మేలు. అంత వెడల్పునకు చట్రమున చోటున్నదో లేదో కొనకముందే యడుగుడు.

కార్బను చట్రమునకై అప్పుచేయ నేల? ఉక్కుదైనను, అల్యూమినియముదైనను చాలును. మిగిలిన సొమ్ముతో హెల్మెటు, దీపము, గాలిపంపు కొనుడు. పాతది కొనువారు చట్రమున పగుళ్లున్నవేమో చూచి, చక్రము త్రిప్పి వంకర పరీక్షింపుడు.

నేను నష్టమునకే దాని నమ్మి, నా కొలతకు సరిపడిన పాతసైకిలు తెచ్చుకొంటిని. దానికి మెరుపు లేదు. కాని యిపుడు నా యాదివారము గోడకు చేరుటలేదు.