కంటికానని ధూళి

ఉదయము కిటికీసందున సూర్యకిరణము గదిలో పడినపుడు అందు తేలియాడు రేణువులను చూడనివారుండరు. మన ప్రాచీనులు దానికి త్రసరేణువని పేరిడి, తూనికలన్నిటికిని మొదటి మానముగా నెంచిరి. కంటికి కనబడునంతవరకే వారి లెక్క. యంత్రమును అరుగదీయు ధూళియు, ఊపిరితిత్తుల లోతులకు పోవు ధూళియు అంతకన్న సూక్ష్మమైనవి. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మామూలు వెలుతురున 40 మైక్రానులకు లోబడినదానిని మన కన్ను పట్టజాలదు.

మరి కనబడనిదానిని లెక్కించుట యెట్లు? 1880ల చివర స్కాట్లండు దేశీయుడగు జాన్ ఎయిట్‌కెన్ చక్కని ఉపాయము పన్నెను. తడిగాలిని పాత్రలో బంధించి, పంపుతో ఒక్కసారిగా వ్యాకోచింపజేసెను. గాలి చల్లబడగా ఆవిరి ఒక్కొక్క రేణువుపై బిందువై నిలిచెను. గళ్లు గీచిన పలకపై పడిన ఆ బిందువులను భూతద్దముతో లెక్కించెను. రేణువు కనబడకున్ననేమి, దానిపైని నీటిబొట్టు కనబడును గదా!

నేడు ఊరిగాలిలోని ధూళిని సాధారణముగ తూచుచున్నారు. వడపోత పొరను ముందు తూచి, కొలిచిన గాలిని దానిగుండ లాగి, మరల తూతురు. 2.5 మైక్రానులకు మించని ధూళి, ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశమున 2009లో నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 దాటరాదనినది. అయితే తూనికలో ఒక చిక్కు గలదు. 10 మైక్రానుల రేణువొకటి, అదే పదార్థపు 1 మైక్రాను రేణువులు వేయింటితో సరితూగును. కావున బరువునుబట్టి సంఖ్యను ఊహింపరాదు.

యంత్రపు నూనెకు సంఖ్యయే ముఖ్యము. కదలు భాగముల నడుమ నూనెపొర కొద్ది మైక్రానులే యుండును. ఆ సందున పట్టు రేణువే ఇనుమును గీచును. నూనెను సన్నని ధారగా లేసరు కాంతికి అడ్డముగ పోనిచ్చి, పడిన నీడలను పరికరము లెక్కించును. ఫలితమును 18/16/13 అనునట్లు మూడంకెలతో వ్రాయుదురు: 4, 6, 14 మైక్రానులును, అంతకు మించినవియు మిల్లీలీటరున ఎన్ని యున్నవో అవి తెలుపును. 18 అనగా 1300కు పైబడి 2500 వరకు. అంకె ఒకటి పెరిగిన రేణువులు రెట్టింపు. కొత్త పీపాలోని నూనె శుభ్రమనుకొనుట పొరపాటు. వడపోయక పోయదగనిదే తరచు ఉండును.

ఈ పరికరము గాలిబుడగను, నీటిచుక్కను గూడ ధూళియనియే లెక్కించును. అందుచే మాకు పాతపద్ధతిపై మక్కువ పోలేదు. నూరు మిల్లీలీటరుల నూనెను పలుచని పొరగుండ వడపోసి సూక్ష్మదర్శినితో చూచినచో, అది ఇసుకయో, లోహపు రజనో, దారపు పోగో తెలియును. పని నెమ్మది, కన్నులు నొచ్చును.

ఒక కర్మాగారమునకు ప్రసంగసామగ్రికై మేము పోయినపుడు అచ్చటి పెద్దయంత్రము రెండు దినములనుండి విప్పబడియుండెను. నూనెలో అంకె హఠాత్తుగ పెరిగినదట. బేరింగులలో గీత యొక్కటియు కానరాలేదు. వృద్ధుడగు పనివాడొకడు మిగిలిన నూనెను వడపోసి చూపెను, పొరనిండ నూలుపోగులు! నమూనాసీసాను ఎవరో పాతగుడ్డతో తుడిచిరి. నాటినుండి అచ్చట యంత్రము నడుచుచుండగనే, మొదటి ధారను పారబోసి, గుడ్డ తగులని సీసాలో నూనె పట్టుచున్నారు. దినకూలీలకు మాత్రము ఆ రెండు దినముల కూలి ముట్టలేదు.