పాత పాట్ లైనింగ్‌కు నీళ్లు తగలనివ్వకండి
(శుక్రవారం క్యాంపు మీటింగులో మన సభ్యుడొకరు మాట్లాడిన మాటలు)



నాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ అంటే ఏందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు తాగి పండ్లు గారపట్టినోళ్లను, నడుము వంగిపోయినోళ్లను చూస్తూ పెరిగిన. గల్ఫ్‌కు వచ్చి అల్యూమినియం స్మెల్టర్‌లో పనికి చేరితే, అదే ఫ్లోరైడ్ ఇక్కడ కూడా ఎదురైంది.

పాట్‌లో దాదాపు 960 డిగ్రీల వేడిలో కరిగి ఉండే క్రయోలైట్ ఒక ఫ్లోరైడ్ ఉప్పు. లోపలి కార్బన్ దిమ్మెలు, ఇటుకలు ఏళ్ల తరబడి దాన్ని పీల్చుకుంటయి. పాట్ పాతబడ్డాక ఆ లైనింగ్ తవ్వి తీసేది మనమే. అందులో ఫ్లోరైడ్‌తో పాటు సైనైడ్ కూడా ఉంటది.

నా మొదటి ఎండాకాలం, దుమ్ము లేస్తుందని ఆ ముక్కల మీద పైపుతో నీళ్లు కొట్టినం. ముక్కు పగిలే ఘాటు వచ్చింది. నా పక్కనున్న తమ్ముడు ఊపిరాడక కూలబడ్డడు. తడిస్తే అమోనియా వస్తది, అంటుకునే హైడ్రోజన్, మీథేన్ కూడా వస్తయి. ఫ్లోరైడ్ కరిగి నేలలోకి దిగుతది. ఈ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

అట్లని ఇది పనికిరాని చెత్త కాదు. పొడిచేసి బాగా వేడిచేస్తే సైనైడ్ నశిస్తది. కడిగిన నీళ్లలో సున్నం కలిపితే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి అడుక్కి దిగుతది. సున్నంతో పూర్తిగా పోదు కాబట్టి మిగిలినదానికి పటిక వాడుతరు. మన దగ్గర తాగునీటికి వాడిన నల్లగొండ పద్ధతిలోనూ పటిక, సున్నమే కదా! లైనింగ్‌లోని కార్బన్ సిమెంటు బట్టీలో బొగ్గు లెక్క మండుతది. ఎమిరేట్స్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు దీన్ని వాడుతున్నయి. బహ్రెయిన్‌లో దీన్ని శుద్ధిచేసే ప్లాంటే ఉంది.

అయితే అక్కడికి చేరేదాకా అది విషమే. అందుకే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ముక్కలను పొడిగా, కప్పు కింద ఉంచాలె. మాస్కు, గ్లౌజులు లేకుండా ముట్టొద్దు. చేతులు కడగకుండా తినొద్దు. పనిబట్టలు రూముకు తేవొద్దు.

నీళ్లు కొట్టమని ఎవరన్నా చెప్తే, ముందు సేఫ్టీ ఆఫీసరును అడగండి. ఒక్కరే అడగడానికి భయమైతే మన గ్రూపులో చెప్పండి, కలిసి అడుగుదాం.