రెండు చదరపు మైళ్ళ ఊరు

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో హామ్‌ట్రామిక్ అనే చిన్న పట్టణం ఉన్నది. దాని వైశాల్యం సుమారు రెండు చదరపు మైళ్ళు. డెట్రాయిట్ మహానగరం దానిని దాదాపు అన్ని వైపులా ఆవరించి ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 28,433 మంది. అంత చిన్న ఊరి చరిత్ర తెలుసుకోవడం ఎందుకని సందేహం కలగవచ్చు. భిన్న జాతుల వారు ఒకే వీధిలో కాపురం ఉండవలసి వచ్చినప్పుడు పుట్టే చిక్కులన్నీ ఆ ఊరు అనుభవించింది.

1910లో డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కర్మాగారం స్థాపించారు. జర్మన్ రైతుల పల్లె కొద్ది కాలంలోనే పోలెండు కార్మికుల పట్టణమైంది. 1930 నాటికి జనాభా 56 వేలు దాటింది. 1980లో కర్మాగారం మూతపడింది. పోలిష్ కుటుంబాల యువతరం శివారు ప్రాంతాలకు తరలిపోయింది. ఖాళీ అయిన ఇళ్ళలో యెమెన్, బోస్నియా, బంగ్లాదేశ్‌ల నుండి వచ్చిన కుటుంబాలు దీపాలు వెలిగించాయి.

అయితే అంతకు చాలాకాలం ముందునుండే ఆ ఊరిలో నల్లజాతి వారు ఉన్నారు. పట్టణ పునర్నిర్మాణం పేరిట వారి ఇళ్ళను తొలగించడం జాతి వివక్షయేనని 1971లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. వారికి ఇవ్వవలసిన ఇళ్ళ నిర్మాణం ముగిసేసరికి 2010 వచ్చింది. తీర్పుకూ తాళపుచెవికీ మధ్య ఒక తరం గడచిపోయిందన్నమాట!

1999 ఎన్నికలలో మరొక అవమానం జరిగింది. శరీరచ్ఛాయను బట్టి, పేరును బట్టి అరబ్బు, బంగ్లాదేశ్ సంతతి ఓటర్లను కొందరు అడ్డగించి, వారి పౌరసత్వాన్ని ప్రశ్నించారు. తెల్లవారిని ఎవరూ అలా నిలదీయలేదు. ప్రశ్నింపబడిన వారిచేత ఎన్నికల అధికారులు ప్రమాణం చేయించారు. కేంద్ర న్యాయశాఖ జోక్యం చేసుకోగా, అరబ్బీ, బెంగాలీ తెలిసిన పోలింగు సిబ్బందిని నియమించడానికి పట్టణం 2000లో అంగీకరించింది. 2011 నాటికి బెంగాలీ బ్యాలెట్టు పత్రాలు చట్టరీత్యా తప్పనిసరి అయ్యాయి.

2004లో బంగ్లాదేశీయుల మసీదు ఒకటి ధ్వనివర్ధకంపై ఆజాన్ వినిపించడానికి అనుమతి కోరింది. పట్టణ సభ శబ్ద నియంత్రణ నిబంధనను సవరించింది. ఉదయం 6 గంటలకూ రాత్రి 10 గంటలకూ మధ్య చర్చి గంటలకూ ఆజాన్‌కూ ఒకే అనుమతి అని ఆ సవరణ సారాంశం. గంట మ్రోగితే అది కాలసూచన మాత్రమేననీ, ఆజాన్ మతప్రకటన అనీ ప్రతిపక్షులు వాదించారు. గంట ఏ గుడిది అని అడిగితే ఈ వాదానికి బలం చాలదు. ఆ వేసవిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు సవరణనే నిలబెట్టారు.

కథ అక్కడ ముగియలేదు. 2015లో ముస్లిములు పట్టణ సభలో అధిక సంఖ్యాకులైనారు. 2021 ఎన్నికల తరువాత సభ్యులందరూ ముస్లిములే. యెమెన్‌లో జన్మించిన ఆమెర్ గాలిబ్ మేయరైనారు. 2023 జూన్‌లో సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. దాని ప్రకారం నగర స్థలాలలో జాతీయ పతాకం వంటి కొన్నింటికే చోటు. స్వలింగ సంపర్కుల ఇంద్రధనుస్సు జెండాకు చోటు లేదు. ఏ వర్గానికీ ప్రత్యేకత ఇవ్వకపోవడమే తటస్థత అని సభ్యుల వాదన. లోగడ బెదిరింపులకు గురైన వలసవారికి అండగా నిలిచిన తమను ఇప్పుడు వారే వంచించినట్లు అనిపిస్తున్నదని మాజీ మేయర్ కారెన్ మజెవ్‌స్కీ బాధపడ్డారు. అల్పసంఖ్యాకులుగా ఉన్ననాడు కోరిన హక్కును అధిక సంఖ్యాకులైననాడు మరొకరికి ఎంతవరకు ఇవ్వాలన్న ఆ వివాదం న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కింది.