నిట్రాట ఒరిగితే

(రాత్రి బడిలో చదువుకుంటున్న వారితో మాట్లాడిన మాటలు)



ఈ రోజు సంగతి వినగానే మీలో కొందరు "అలగనకండి బాబూ, అశుభం" అంటారు. అయినా చెప్తాను. ఇంట్లో సంపాదించేది ఒక్కడే. ఆ ఒక్కడికీ కాలో చెయ్యో పడిపోతే, లేదా జబ్బు చేసి మంచాన పడితే, ఆ ఇల్లు ఎలా నడుస్తుంది? నోటితో అంటే జరిగిపోతుందని మనకి భయం. గొడుగు పట్టుకెళ్లినంత మాత్రాన వాన కురుస్తుందా చెప్పండి!

తాటాకింటికి నిట్రాట ఎలాగో, మన ఇళ్లకు కూలి తెచ్చే మనిషి అలాగ. తుపాను వస్తుందంటే ఇంటికి తాళ్లు కట్టుకుంటాం. మనిషి సంగతిలో మాత్రం ఏ తాడూ కట్టుకోం.

మన శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు పీడిస్తోంది. కారణం ఇదీ అని డాక్టర్లు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. మంచిదే. కానీ కిడ్నీలు పాడైపోయిన మనిషి మళ్లీ చెట్టెక్కలేడు, పార పట్టలేడు. అతని ఇంటి లెక్క మనం చూడాలి.

పలకలు తీయండి. ఒక ఇల్లు అనుకుందాం. మొగుడికి రోజు కూలి 600. నెలకు 20 రోజులు పని. ఎంత? 12,000. ఇప్పుడు అతను పడిపోయాడు. "నేను జీడిపప్పు పనికెళ్తాను, రోజుకి 300 వస్తాయి" అంటుంది ఇల్లాలు. 20 రోజులకు 6,000 అవుతాయని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు చేయించాలి. ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి. రానూ పోనూ ఆ రోజంతా పోతుంది. పక్కన ఎవరుంటారు? ఆమే. నెలకు 12 రోజులు ఆసుపత్రికే పోతాయి. ఇంకో రోజు పిల్లకి జ్వరం, ఇంకో రోజు రేషను. ఆమెకు దొరికేది 10 రోజుల పని. అంటే 3,000. అందులో ఆసుపత్రి దారి ఖర్చు రోజుకి 100 చొప్పున 1,200 తీసేయండి. మిగిలింది 1,800.

చూశారా! పడిపోయింది ఒక మనిషి, ఆగిపోయింది ఇద్దరి కూలి.

డయాలసిస్ మీద ఉన్నవారికి ప్రభుత్వం నెలకు 10,000 పింఛను ఇస్తోంది. అది 1,800కి కలిపితే 11,800. పాత కూలికి దగ్గరగానే వచ్చింది. అయితే మరి ఇళ్లు ఎందుకు మునుగుతున్నాయి? మధ్యలో ఉండే నెలల వల్ల. జబ్బు పడిన రోజుకీ, పింఛను చేతికొచ్చే రోజుకీ మధ్య కొన్ని నెలలు ఉంటాయి. ఒక కాగితం దొరకదు, ఒక సంతకం పడదు. బియ్యం మాత్రం రోజూ కావాలి. అప్పుడు 50,000 అప్పు తెస్తాం, నూటికి 3 రూపాయల వడ్డీకి. నెలకు వడ్డీ ఎంతో వేయండి. 1,500. ఏడాదికి 18,000. అసలు అలాగే ఉంటుంది. పింఛను వచ్చినా అందులోంచి ముందుగా షావుకారే తీసుకుంటాడు. ఆ మధ్య నెలల కోసమే మనం ఇప్పుడు సిద్ధపడాలి.

మొదట బ్యాంకు పుస్తకం. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరపడతారు. "పుస్తకంలో నామినీగా నా పేరుంది, నాకేం భయం" అంటారు ఆడవాళ్లు. నామినీకి డబ్బు ఇచ్చేది ఖాతాదారు చనిపోయాకే. అతను బతికి ఉండి, పక్షవాతం వచ్చి సంతకం చేయలేకపోతే, నామినీ పేరు చూసి డబ్బు ఇవ్వరు. అందుకే ఖాతా ఇద్దరి పేరు మీద ఉండాలి. "ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు" అని అందులో రాయించాలి. ఒక్కరి పేరు మీదే ఉండి ఇప్పటికే ఇబ్బంది వస్తే, బ్యాంకు వాళ్లనే అడగండి. సంతకం చేయలేని రోగి వేలిముద్ర వేయవచ్చు. చేతి వేలు కూడా ఆడకపోతే కాలి వేలి ముద్ర చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బ్యాంకు ఆఫీసరు. రిజర్వు బ్యాంకు చెప్పిన పద్ధతే ఇది, బతిమాలి తెచ్చుకునే దయ కాదు.

తర్వాత బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా 2015లో వచ్చింది. అప్పుడు ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు, రెండు చేతులు లేదా రెండు కాళ్లు పూర్తిగా పనికిరాకుండా పోయినా 2 లక్షలు. ఒక కన్ను, ఒక చెయ్యి లేదా ఒక కాలు పోతే 1 లక్ష. కొబ్బరి చెట్టు మీంచి పడి నడుము విరిగి రెండు కాళ్లూ శాశ్వతంగా చచ్చుబడిన మనిషికి ఇది వర్తిస్తుంది. విరిగి మళ్లీ అతుక్కున్న చేతికి రాదు. కిడ్నీ జబ్బుకీ రాదు, అది ప్రమాదం కాదు కదా. ఈ తేడా తెలీక ఆశ పెట్టుకుని తిరిగేవాళ్లు ఉంటారు. ఏడాదికోసారి ఖాతాలోంచి 20 రూపాయలు వాళ్లే తీసుకుంటారు. మే నెలాఖరున ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. రెండు టీల డబ్బు, మరిచిపోకండి.

ఉద్దానం జబ్బు మెల్లగా వస్తుంది. పనిలో దెబ్బ ఒక్క క్షణంలో తగులుతుంది. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాకంలో కడుతున్న 11 అంతస్తుల మేడ కూలింది. 61 మంది చనిపోయారు. వారిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది. శిథిలాల నుంచి 27 మందిని ప్రాణాలతో తీశారు. మనవాళ్లు ఇప్పటికీ చెన్నై, హైదరాబాదు వలసపోతూనే ఉన్నారు. వెళ్లేవాడు ఏ మేస్త్రీ వెంట వెళ్తున్నాడు, ఏ కంపెనీ పని, ఏ చోట, ఫోను నెంబరు ఎంత? ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో రాసి పెట్టాలి. పనిలో దెబ్బ తగిలితే పని పెట్టినవాడు నష్టపరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. చట్టం పేరు మారింది గానీ ఆ హక్కు పోలేదు. కానీ అక్కడ పని చేసినట్టు రుజువు లేకపోతే ఎవరిని అడుగుతాం?

ఇక పింఛను కాగితాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో సదరం శిబిరం పెడతారు. డాక్టర్లు చూసి వైకల్యం నూటికి ఎంతో రాసిస్తారు. 40 గానీ ఆ పైన గానీ ఉంటే వికలాంగుల పింఛనుకు అడగవచ్చు. 2024 జూలై నుంచి అది నెలకు 6,000. పక్షవాతంతో మంచానికే, చక్రాల కుర్చీకే పరిమితమైన వారికి 15,000. సచివాలయంలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఆసుపత్రి ఇచ్చే ప్రతి చీటీ దాచండి. ఆ చీటీల్ని పొయ్యి అంటించడానికి వాడిన ఇళ్లు నేను చూశాను. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. అది ఆసుపత్రి బిల్లు కడుతుంది, ఇంట్లో గరిసె నింపదు.

అందుకే పొదుపు సంఘం డబ్బు వేరు, ఈ మధ్య నెలల డబ్బు వేరు అనుకోండి. మూడు నెలల బియ్యానికి, దారి ఖర్చుకి సరిపడా కొద్దికొద్దిగా ఇద్దరి ఖాతాలో వేయండి. పెళ్లికీ, పండగకీ ముట్టుకోకండి. కష్టమే, నాకు తెలుసు. వారానికి 50 వేసినా ఏడాదికి 2,600.

పోయినసారి ఒక పిన్నమ్మ అడిగింది: "అంతా బావుంది బాబూ. పుస్తకం ఎక్కడుందని అడిగితే మా ఇంటాయన, నా మీద అనుమానమేటి అంటాడు. ఏటి చెయ్యమంటావు?" దానికి నా దగ్గర పెద్ద ఉపాయం లేదు. ముందు మీ పొదుపు పుస్తకం ఆయన చేతికిచ్చి చదివించండి. మీ లెక్క చూపించాక ఆయన లెక్క అడగడం సులువు. అప్పటికీ చెప్పకపోతే వచ్చే వారం ఆయన్ని ఇక్కడికి తీసుకురండి.

అన్నలారా, నవ్వుతున్నారు. మీకు ఎవరి దగ్గర ఎంత అప్పు ఉందో ఇంట్లో చెప్పినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి చూద్దాం.